శుభం కార్డు తర్వాతే అసలు కథ!

అబ్బాయి అమ్మాయిని చూస్తాడు. వెంటపడతాడు. పెద్దవాళ్లు ససేమిరా అంటారు. మధ్యలో విలన్ అడ్డుపడతాడు. ఆఖరికి మూడుముళ్లు పడతాయి... శుభం! మన ప్రేమ సినిమాల్లో చాలావాటి కథ ఇంతే. మరి ఆ ముళ్లు పడి పదేళ్లో పాతికేళ్లో అయినవాళ్ల సంగతేంటి? వాళ్లకీ ఉన్నాయి ప్రేమకథలు. పెళ్లిపీటల మీద ముగిసేవి కాదు, అక్కణ్నుంచి మొదలయ్యేవి. ఓ సెలవురోజు రాత్రి ఆలుమగలిద్దరూ పక్కపక్కన కూర్చుని చూడాల్సిన సినిమాలవి!

శనివారం రాత్రి. పిల్లలు పడుకున్నారు. వంటిల్లు సర్దడం అయిపోయింది. తెల్లారి లేచి క్యారియర్లు కట్టే హడావుడి లేదు. ‘ఏదైనా సినిమా చూద్దామా?’ అంటాడు ఆయన. ‘ఊఁ... పెట్టండి’ అంటుంది ఆవిడ. అక్కడ మొదలవుతుంది వేట. రిమోట్ పట్టుకుని ఒక్కో బొమ్మా దాటుకుంటూ పోయేసరికి అరగంట గడుస్తుంది. ఆయనకు నచ్చింది ఆవిడకు పట్టదు. ఆవిడ అడిగింది ఆయన ఎప్పుడో చూసేశాడు. చివరికి ఆయన క్రికెట్ స్కోర్లలోకి, ఆవిడ ఫోన్లో వీడియోల్లోకి వెళ్లిపోతారు. ఒకే సోఫా, రెండు తెరలు!

ఒకప్పుడు సమస్య వేరేగా ఉండేది. దూరదర్శన్ రోజుల్లో వారానికో సినిమా వస్తే ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ చాపలేసుకుని కూర్చునేవారు. ఆ తర్వాత వీసీపీలు వచ్చాయి. పండక్కో, పెళ్లికో టీవీతో సహా అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ మూడు క్యాసెట్లు చూసేస్తే వీధి వీధంతా అక్కడే. ఆ జనంలో కొత్త దంపతులు పక్కపక్కన కూర్చోవడానికే మొహమాటపడేవాళ్లు. ఇప్పుడు ఆ మొహమాటం లేదు. వందల సినిమాలు చేతివేళ్ల దగ్గరున్నాయి. కలిసి చూడటమే తగ్గింది.

అందుకే ఈ ఎంపిక. ఇందులో ఒక్కటే కొలమానం... ఆ సినిమా చూశాక భార్యాభర్తలు మాట్లాడుకోవడానికి ఏదైనా మిగలాలి.

అబద్ధపు పెళ్లి... నిజం కాని బ్రహ్మచర్యం

మొదటి వారానికి ఒక జంట చిత్రాల ప్యాకేజీ. ‘మిస్సమ్మ’ (1955), ‘పెళ్లిపుస్తకం’ (1991). రెంటికీ మధ్య ముప్ఫై ఆరేళ్లు. రెండూ ఒకే నాణానికి బొమ్మా బొరుసూ.

విజయా వారి ‘మిస్సమ్మ’ కథ తెలియనివారు తక్కువ. నిరుద్యోగం పీడిస్తున్న రోజులు. ఓ జమీందారు తన బడికి చదువుకున్న భార్యాభర్తలు పంతుళ్లుగా కావాలంటాడు. ఎమ్టీ రావు, మేరీ మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి ఉద్యోగాల్లో చేరతారు. ఒకరి మతం ఒకరిది కాదు, ఒకరి తీరు ఒకరికి పడదు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టుంటాడు. ఆమె ముక్కుమీద కోపం. ఇంటి గుమ్మం బయట దంపతులు, లోపల బద్ధశత్రువులు.

ఎల్వీ ప్రసాద్ దర్శకత్వం, ఎన్టీఆర్ నింపాదితనం, ఎస్వీఆర్ పెద్దరికం, డిటెక్టివ్‌నని హడావుడి చేసే అక్కినేని... ఇవన్నీ ఒక ఎత్తు, సావిత్రి ఒక్కరే ఒక ఎత్తు. మొదట ఈ వేషం భానుమతిది. కొంత చిత్రీకరణ జరిగాక సావిత్రికి వచ్చింది. సావిత్రి వెయ్యాల్సిన చెల్లెలి పాత్ర జమునకు దక్కింది. అలా చేతికొచ్చిన అవకాశంతో సావిత్రి ఏం చేశారో తెర మీదే చూడాలి. కోపంగా చూస్తున్న కళ్లల్లోనే ఇష్టం ఏ క్షణాన మొదలైందో కనిపెట్టండి చూద్దాం! వెన్నెల రాత్రి ఇద్దరూ చందమామకు ఒకరిమీద ఒకరు ఫిర్యాదు చేసుకునే పాట వచ్చినప్పుడు మాత్రం దీపాలార్పేయండి. సాలూరి రాజేశ్వరరావు బాణీ, మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల మీ గదిలోకి వచ్చేస్తాయి.

ఆ కథను తిరగేసి చూశారు రావి కొండలరావు. పెళ్లి కానివాళ్లు అయినట్టు నటిస్తే ‘మిస్సమ్మ’. పెళ్లయినవాళ్లు కానట్టు నటిస్తే..? అదే ‘పెళ్లిపుస్తకం’. బాపు దర్శకత్వం, ముళ్లపూడి వెంకటరమణ మాటలు. ఉద్యోగాల కోసం రాజేంద్రప్రసాద్, దివ్యవాణి ఒకే ఆఫీసులో ఎవరికెవరో అన్నట్టు ఉండాల్సి వస్తుంది. కట్టుకున్న భార్యతో దొంగచాటుగా మాట్లాడాలి. ఎదురుపడితే చూపు తిప్పుకోవాలి. చుట్టూ ఉన్నవాళ్లు ఇద్దర్నీ వేర్వేరు మనుషులుగా చూస్తుంటే ఈర్ష్యలు, అపార్థాలు, అలకలు.

ఈ సినిమా కోసం ఆరుద్ర రాసిన పెళ్లి పాట ఆ తర్వాత ఎన్ని పెళ్లి వీడియోల్లో వినిపించిందో లెక్కలేదు. మీ వీడియోలోనూ ఉండే ఉంటుంది! కానీ పాటకు మించింది కథలో ఉంది. మొగుడూ పెళ్లాం రోజూ కళ్లముందే ఉంటారు కాబట్టి ఒకరినొకరు చూసుకోవడం మానేస్తారు. చూడకూడదన్న నియమం పెడితేగానీ ఆ చూపు విలువ తెలియదు. ఈ ముక్కను పాఠంలా చెప్పకుండా, నవ్విస్తూ చెప్పిన సినిమా ఇది.

డబ్బుకీ దాంపత్యానికీ మధ్య

రెండోవారం ఆమని వారం. ఏడాది తేడాతో ఆవిడ ఇద్దరు ఇల్లాళ్లుగా కనిపించారు. ఇద్దరిదీ మధ్యతరగతే. ఇద్దరి కథా డబ్బు చుట్టూనే. దారులు మాత్రం ఉత్తరదక్షిణాలు.

‘మిస్టర్ పెళ్లాం’ (1993) మళ్లీ బాపు-రమణలదే. బ్యాంకు ఉద్యోగం చేసే భర్త మీద నింద పడుతుంది, ఉద్యోగం పోతుంది. అప్పటిదాకా వంటింటికే పరిమితమైన భార్య సంపాదనకు బయటికి వెళ్తుంది. ఇంటిపని ఆయన నెత్తిన పడుతుంది. ‘ఇంట్లో కూర్చుని నువ్వు చేసేదేముంది’ అని ఏదో ఒకరోజు అననివాడెవరు? ఆ మాటకు జవాబు ఈ సినిమా. గిన్నెలు తోమే రాజేంద్రప్రసాద్‌ను చూసి నవ్వుతాం. జీతం తెచ్చే పెళ్లాన్ని చూసి ఆయన లోపల మెలిపడే అహాన్ని చూసి మాత్రం మగవాళ్లు కొంచెం సర్దుకుని కూర్చుంటారు. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దీనికే వచ్చింది.

‘శుభలగ్నం’ (1994) ఎస్వీ కృష్ణారెడ్డి తీసింది. భర్త జగపతిబాబు మంచివాడే. ఆ మంచితనంతో నగలు రావు కదా! పొరుగువాళ్ల వైభవం చూసి రగిలిపోయే భార్య, కోటి రూపాయలకు మొగుణ్ని రోజాకు ఇచ్చేస్తుంది. అసాధ్యంలా అనిపించే కథ. అయినా ప్రతి ఇల్లాలూ, ప్రతి మగాడూ ఎక్కడో గతుక్కుమంటారు. ఎందుకంటే కోటి కోసం కాకపోయినా, ఓవర్‌టైమ్ కోసమో, ఇంకో ప్లాటు కోసమో, విదేశీ ఉద్యోగం కోసమో మనిషిని కొద్దికొద్దిగా ఇచ్చేస్తూనే ఉంటాం. ఈ కథ హిందీవాళ్లకూ తగిలింది. 1997లో ‘జుదాయి’గా తీశారు.

ఈ రెంటిలో ఏది ముందు చూడాలంటే... ‘శుభలగ్నం’. కంటతడి పెట్టించాక నవ్వించి పడుకోబెట్టడం మేలు!

మౌనం ఒకరిది... మాట ఇంకొకరిది

మూడోవారానికి మణిరత్నం. ఈయన భార్యాభర్తల మీద తీసిన రెండు తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చి మనవే అయిపోయాయి.

‘మౌనరాగం’ (1986)లో రేవతికి ఇష్టంలేని పెళ్లి అవుతుంది. మనసులో చనిపోయిన ప్రేమికుడి జ్ఞాపకం. ఢిల్లీలో కొత్త కాపురం. భర్త మోహన్ నెమ్మదస్తుడు. బజారుకు తీసుకెళ్లి ‘ఏం కావాలో కోరుకో’ అంటే ఆమె అడిగింది... విడాకులు! పెళ్లయిన ఏడాది దాకా ఆగాల్సిందేనంటుంది చట్టం. ఆ ఏడాదే సినిమా. ఒకే ఇంట్లో ఇద్దరు అపరిచితులు. భర్త గాయపడి మంచాన పడ్డప్పుడు ఆమె సేవ చేస్తుంది. కరుగుతుంది. అప్పటికి అతను బిగుసుకుపోయి ఉంటాడు. ఒకరు దగ్గరయ్యే వేళకు ఇంకొకరు దూరం జరగడం... కాపురం చేసిన ఎవరికైనా తెలిసిన నాటకమే ఇది. ఇళయరాజా సంగీతం, పీసీ శ్రీరామ్ వెలుగునీడలు మాటల్లేని చోటల్లా మాట్లాడతాయి.

పద్నాలుగేళ్లకు ‘సఖి’ (2000) వచ్చింది. ఇది పూర్తిగా తిరగేసిన కథ. మాధవన్, షాలిని ప్రేమించుకుంటారు. గుళ్లో రహస్యంగా పెళ్లి చేసుకుని, ఏమీ ఎరగనట్టు ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు! బయటపడ్డాక రెండిళ్లూ తలుపులేసుకుంటాయి. కట్టడం పూర్తవని ఓ ఇంట్లో సంసారం మొదలు. అప్పటిదాకా పాటలు పాడుకున్నవాళ్లు ఎవరు ముందు సారీ చెప్పాలన్న దగ్గర ఆగిపోతారు. అలాంటి ఓ రోజు ఆమె ఇంటికి రాదు. స్టేషన్లో ఎదురుచూసే భర్త మొహంలో కోపం కాస్తా కంగారుగా మారుతుంది. ఆ కంగారులోంచే కథంతా విచ్చుకుంటుంది. ఏఆర్ రెహమాన్ పాటల కోసం అప్పట్లో క్యాసెట్లు అరగదీసినవాళ్లు, ఈసారి పాటలు అయిపోయాక వచ్చే సన్నివేశాలను శ్రద్ధగా చూడండి. కుర్రతనంలో చూసినప్పుడు ఇవి విసుగనిపించి ఉంటాయి. ఇప్పుడు మనింట్లో కెమెరా పెట్టి తీశారా అనిపిస్తుంది.

పెద్దలు కుదిర్చిన పెళ్లయినా, ప్రేమ పెళ్లయినా చేరే రేవు ఒకటేనని ఈ రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండింట్లోనూ మనిషి పోతాడేమో, పోతుందేమో అన్న భయం కలిగితేగానీ నోరు పెగలదు. అంతదాకా ఆగాలా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నను కొత్తతరం వాళ్లు అడిగిన సినిమా కావాలంటే శివ నిర్వాణ తీసిన ‘మజిలీ’ (2019) ఉంది. విశాఖలో క్రికెట్ కలలు, మొదటి ప్రేమ రెండూ పోగొట్టుకుని తాగుడులో పడ్డ భర్త నాగచైతన్య. ఉద్యోగం చేసి ఇల్లు నెట్టుకొస్తూ, అతన్ని ఒక్కమాట అనని భార్య సమంత. పోయిన ప్రేమ కోసం ఏడ్చేవాడి పక్కనే, ఉన్న ప్రేమ ఇంత అన్నం పెట్టి వెళ్తుంటుంది. ‘ఆమె అంత ఓర్చుకోవాలా?’ అని ఇంట్లో వాదన రావచ్చు. రానివ్వండి. మంచి వాదనే అది.

నవ్వుకుంటే చాలు అనుకున్న రోజు

ప్రతి వారం గుండెలు బరువెక్కాల్సిన పనిలేదు. ఆఫీసులో తలనొప్పి, పిల్లల పరీక్షలు, అత్తగారి బీపీ అన్నీ కలిసొచ్చిన వారం జంధ్యాలను పిలవండి. ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984) ఉషాకిరణ్ మూవీస్ తొలి చిత్రం. పొత్తూరి విజయలక్ష్మి రచన దీనికి ఆధారం. ముక్కూ మొహం తెలియని కాబోయే శ్రీవారికి ఓ అమ్మాయి సరదాగా ఉత్తరం రాసి పోస్టు చేస్తుంది. అది నరేష్ చేతిలో పడుతుంది. ఇక ఆ చేతిరాత వెనక మనిషి కోసం వెతుకులాట. పూర్ణిమ అందం, వేటూరి పాటలు అలా ఉంచండి. సినిమా కథను పేర్లు పడే దగ్గర్నుంచి పొల్లుపోకుండా చెప్పే శ్రీలక్ష్మి ఇందులోనే ఉంది. మీ ఇంట్లోనూ అలాంటివారు ఒకరుంటే... వాళ్ల వైపు చూడకుండా నవ్వడం కష్టం.

సినిమా అయ్యాక ఓ చిన్న పరీక్ష. మీరు మీవారికో, మీ ఆవిడకో చేత్తో నాలుగు వాక్యాలు రాసి ఎన్నాళ్లయింది? పాలప్యాకెట్ తెమ్మన్న మెసేజ్ లెక్కలోకి రాదు!

ఇద్దరే ఇద్దరు

చివరివారానికి దాచుకోవాల్సింది ‘మిథునం’ (2012). తెర మీద మొదటి నుంచి చివరి దాకా కనిపించే పాత్రలు రెండే. అప్పదాసు, బుచ్చిలక్ష్మి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. శ్రీరమణ రాసిన కథను తనికెళ్ల భరణి తెరకెక్కించారు. ఆ కథ మీద మోజుతో బాపు దాన్ని మొత్తం తన చేతిరాతతో రాసుకున్నారు. మన తెరకన్నా ముందే ఎంటీ వాసుదేవన్ నాయర్ మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’గా (2000) తీశారు.

పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. పెరడు, చెట్లు, ఆవు, వంట, తిండి మీద తగవులు. అంతే కథ! ఆయన తిండిపుష్టి మనిషి. ఆవిడ వండి పెడుతూనే సణుగుతుంది. ఆయన ఉడికిస్తాడు, ఆవిడ అలుగుతుంది, ఈయనే బతిమాలతాడు. అరవై దాటిన ఆ ఇద్దరూ పోట్లాడుకుంటున్నారో సరసమాడుకుంటున్నారో విడదీసి చెప్పలేం. ‘మేం పెద్దయ్యాక ఇలా ఉంటామా?’ అని కొత్త జంటలు, ‘మనమూ ఇంతేగా’ అని పాత జంటలు అనుకునే చిత్రమిది. దూరాన ఉన్న కొడుకులూ కోడళ్లూ అయితే అమ్మానాన్నలకు ఫోన్ చేయకుండా ఉండలేరు.

ముగింపు ఇక్కడ చెప్పడం అన్యాయం. ఒక్కమాట మాత్రం... ఆఖర్లో లక్ష్మి చెప్పే మాట మొదట విన్నప్పుడు కఠినంగా తోస్తుంది. కాసేపాగితే, ఒక మనిషి ఇంకో మనిషిని అంతకన్నా ప్రేమించడం సాధ్యమా అనిపిస్తుంది. 2020లో బాలు వెళ్లిపోయాక ఆ సన్నివేశం చూడటం ఇంకా కష్టం. చేతి దగ్గర రుమాలు ఉంచుకోండి. మగవాళ్లు కూడా.

ఇంట్లో రెండో ఆట... ఇలా!

సినిమా ఎంచుకోవడం ఒక్కటే చాలదు. ఆ రెండున్నర గంటలనూ కాపాడుకోవడమూ ఉంది.

* బొమ్మ ముందే ఖాయం చేసుకోండి. ఒకవారం ఆవిడ ఇష్టం, మరోవారం ఆయన ఇష్టం. ఎంచుకునే హక్కు ఒకరిదైతే, ఆ వారం పేచీ పెట్టే హక్కు రెండోవారికి లేదు.

* భోజనాలు పెందలాడే కానివ్వండి. అన్నం గిన్నె ఎదురుగా పెట్టుకుని ‘మౌనరాగం’ చూడలేం. వేయించిన పల్లీలు, మరమరాల మిక్చర్ లాంటివి చాలు. మిరపకాయ బజ్జీలు కావాలంటే ఆయనే వేయాలి. ఆవిడ వంటింట్లో బాండీ ముందుంటే ఇద్దరూ కలిసి చూసినట్టు కాదు.

* ఫోన్లు రెండూ పక్కగదిలో. పెద్దవాళ్ల మందులు, పిల్లల దుప్పట్లు సినిమా ముందే చూసుకుంటే మధ్యలో లేచే పని ఉండదు.

* ‘మిస్సమ్మ’ లాంటి పాత చిత్రాల నిడివి మూడు గంటల దాకా ఉంటుంది. నిద్ర ఆపుకుంటూ చూడటం శిక్ష. విశ్రాంతి దగ్గర ఆపి మిగతాది ఆదివారం రాత్రికి ఉంచుకోండి. మధ్యలో పగలంతా ‘తర్వాత ఏమవుతుందో’ అని మాట్లాడుకోవచ్చు.

* ఉమ్మడి కుటుంబంలో హాల్లోనే టీవీ ఉంటే మొహమాటపడకండి. అత్తమామలతో కలిసి ‘మిథునం’ చూడండి. మీకన్నా వాళ్లకే ఎక్కువ మాటలు గుర్తొస్తాయి.

* ఉద్యోగరీత్యా ఒకరు దూరంగా ఉన్నా ఆట ఆగక్కర్లేదు. ఆయన దుబాయ్‌లో, ఆవిడ కరీంనగర్‌లో ఉన్నారనుకుందాం. ఇక్కడ తొమ్మిదిన్నర అయితే అక్కడ ఎనిమిది. ఇద్దరూ ఒకే నిమిషానికి సినిమా మొదలుపెట్టి, విశ్రాంతి దగ్గర ఫోన్ చేసుకుంటే సరి. రోజూ ‘తిన్నావా, పడుకున్నావా’ దగ్గర ఆగిపోయే మాటలు ఆ రోజు ఇంకాస్త ముందుకెళ్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటుంది. సినిమా నడుస్తుండగా ‘చూశావా, నువ్వూ అచ్చం ఇలాగే’ అని మోచేత్తో పొడవకూడదు. ఆ మాట అన్నారంటే తెర మీద కథ ఆగిపోయి ఇంట్లో కథ మొదలవుతుంది. ‘మిస్టర్ పెళ్లాం’ చూసి భార్య తన భర్తను, ‘శుభలగ్నం’ చూసి భర్త తన భార్యను గుర్తుపట్టడం తేలికే. ఎవరిని వాళ్లు గుర్తుపట్టడమే కష్టం. అది జరిగిన రాత్రి సినిమా అయ్యాక టీవీ కట్టేసి, దీపం వేయకుండా ఓ పది నిమిషాలు అలాగే కూర్చోండి. ఎవరో ఒకరు ముందు మాట్లాడతారు. ‘సఖి’లో ఇద్దరూ వాయిదా వేసుకుంటూ పోయిన మాట అయినా కావచ్చు అది. ఎంత ఆలస్యమైనా మీ నోట వస్తే చాలు!